అరవై ఒకటి దాటని వీడియో

మా చుట్టాల్లో దయ్యాన్ని చూశామని చెప్పుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా దాన్ని పట్టపగలు చూడలేదు. చూసిన ప్రతి ఒక్కరూ ఆ పూట ఒంటరిగానే ఉన్నారు. అందుకే నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే, సరే గానీ ఆ దయ్యం కరెంటు బిల్లు ఎవరు కడతారు అని నవ్వించేదాన్ని. ఇప్పుడు నమ్మకం కుదిరిందని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. నాకు జరిగింది పగటి పూట, తలుపులు బార్లా తెరిచి ఉన్న గదిలో, వంటింట్లో కుక్కర్ కూతలు వేస్తుండగా జరిగింది. నేను ఒంటరిగా లేను. ఇంకా ఇద్దరున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తప్పెక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

నేను పుట్టి పెరిగింది హుజూరాబాద్‌లో. డిగ్రీ అయ్యాక అక్కడే ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తూ వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నాను. పెళ్లయి బెల్లంపల్లి వచ్చాక అదే నా బతుకుదెరువైంది. చుట్టుపక్కల స్టూడియోలవాళ్లు పెళ్లిళ్ల ఫుటేజీ హార్డ్ డిస్కుల్లో పంపిస్తారు. నేను ఇంట్లో కూర్చుని కోసి, కుట్టి, పాటలు వేసి తిరిగి పంపిస్తాను. మా ఆయన సంపత్ ఒక సిమెంటు దుకాణంలో పని చేస్తాడు.

నా లాప్‌టాప్ పాతది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచి రెండర్‌కు పెడితే, అంటే ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగా తయారు చెయ్యమంటే, ఎండాకాలం కుక్కలా రొప్పి రొప్పి ఆగిపోతుంది. అందుకని ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాను. ఎడిటింగ్ అయ్యాక ప్రాజెక్టు సేవ్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్ మూసేస్తాను. తర్వాత టెర్మినల్ తెరుస్తాను. అది ఉట్టి నల్లటి తెర. అందులో ఒక్క వరుస కమాండు టైప్ చేస్తాను. ఈ ప్రాజెక్టు ఫైలు చదువు, ఈ పేరుతో వీడియో తయారుచెయ్యి, అంతే. ఎంటర్ కొడితే పని మొదలవుతుంది. బొమ్మ కనపడదు, పాట వినపడదు. ఎంత శాతం అయిందో ఒక అంకె మాత్రం మారుతూ ఉంటుంది. నూరు వచ్చేలోపు నేను వంట చేసుకుంటాను.

ఆ అంకెకు కాపలా మా అత్త.

మా అత్త పేరు రాజవ్వ. చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. ఆ నల్ల తెరకు ఆమె పెట్టిన పేరు పలక. నేను కమాండు ఇచ్చి వంటింట్లోకి పోగానే, ఆమె చేటలో బియ్యం పోసుకుని లాప్‌టాప్ ముందు పీట వేసుకునేది. రాళ్లు ఏరుతూ మధ్యమధ్యలో అక్కడి నుంచే కేకేసేది. యాభై దాటింది బిడ్డా. డెబ్బై అయింది, కూర దించు. ఎప్పుడైనా అంకె కదలకపోతే, "గిది కూసున్నది బిడ్డా, లేస్తలేదు" అని పిలిచేది. అప్పుడు నేను పొయ్యి తగ్గించి వచ్చి చూసేదాన్ని. స్టూడియోవాళ్లకు తెలియదు గానీ, ఈ చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్ల వీడియోలకు మా అత్త కాపలా కాసిందో లెక్కలేదు.

మా మామ ఓదెలు. బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. మనిషి చెడ్డవాడు కాదు, మా పాపంటే ప్రాణం. కానీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. ఒక మాట అన్నాడంటే ఆ మాట తప్పని తనకు తెలిసిన తర్వాత కూడా దాని మీదే కూర్చుంటాడు.

అట్లా ఆయన కూర్చున్న మాటల్లో అన్నింటికన్నా పెద్దది మా అత్త తమ్ముడి గురించి.

అత్తకు ఒక్కడే తమ్ముడు, లింగన్న. ఇచ్చోడలో ఉంటాడు. మా పెళ్లి తర్వాత బెల్లంపల్లిలో మా అత్తగారివాళ్లు దావత్ చేశారు. సంపత్‌కు మేనమామ కదా, మేకలు ఆయనే తోలుకొచ్చాడు, వంట దగ్గర పొద్దటి నుంచీ నిలబడ్డదీ ఆయనే. మధ్యాహ్నం దాటినా అక్క ఇంకా ఒక్క ముద్ద తినలేదని చూసి, ఆమెను కూర్చోబెట్టి, అంత గుండిగలో వెతికి మూలుగున్న నల్లిబొక్క ఒకటి తీసి, చేత్తోనే ఆమె విస్తరిలో వేశాడు. అది మా మామ తరఫు పెద్దమనిషి ఒకాయన కంట్లో పడింది. వియ్యపువాళ్లకు చారు, అక్కకు నల్లిబొక్కనా అని నలుగురిలో అననే అన్నాడు. మామ అప్పటికే మందు మీద ఉన్నాడు. బామ్మర్దిని పట్టుకుని, మేకలు నీయే గావచ్చు, ఇల్లు నాది, దోచిపెట్టుడు నీ ఇంట్లో పెట్టుకో అని అరిచాడు. ఇంకా చాలా అన్నాడట, అవి ఇక్కడ రాయలేను. లింగన్న గంటె కింద పెట్టి, చేతులు కడుక్కుని, తినకుండానే బస్సెక్కాడు.

ఒక్క బొక్క కోసం రెండిళ్ల మధ్య మాట పోయింది. వినేవాళ్లకు నవ్వు వస్తుంది. మాకు కూడా కొన్నాళ్లు నవ్వే వచ్చింది, అదే పోతుందిలే అనుకున్నాం. పోలేదు. ఏళ్లు గడిచాయి. ఇంట్లో లింగన్న పేరు ఎత్తితే మామ అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

మా దావత్ వీడియో తీసినాయన ఎవరో గానీ, ఆ గొడవకు ముందరి నిమిషం ఆయన కెమెరాలో పడింది. లింగన్న వంగి విస్తరిలో నల్లిబొక్క వేస్తుంటాడు. అత్త తల వెనక్కి వేసి పగలబడి నవ్వుతుంది. ఆమె కెమెరా ముందు అట్లా నవ్వింది ఇంకెక్కడా లేదు. ఫోటో అంటే చాలు, పోలీసు ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయేది. మామ ఇంట్లో లేని మధ్యాహ్నాలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, గా ముక్క జర పెట్టు బిడ్డా అనేది. పెట్టేదాన్ని. చూసి, తెర మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచి, లేచిపోయేది. ఆ ముక్క గురించి ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే గుండెలో నొప్పి అంది. దవాఖానాకు తీసుకుపోయేలోపే పోయింది.

మా వైపు పెళ్లయిన ఆడమనిషి చనిపోతే, ఆమె తల్లిగారింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. ఎంత లేనివాళ్లయినా, ఎంత కొట్లాట ఉన్నా ఆ చీర తెస్తారు. అది లేకుండా ఆడమనిషిని సాగనంపరు. సంపత్ ఇచ్చోడకు ఫోన్ చేస్తానని లేచాడు. మామ శవం పక్కనే కూర్చుని ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు.

"వాడు నా గడప తొక్కొద్దు" అన్నాడు.

అంతే. సంపత్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా ఆడబిడ్డ సుజాత బజారుకు పోయి ఒక చీర కొనుక్కొచ్చి కప్పింది. వచ్చిన ఆడవాళ్లందరూ ఆ చీర వైపు చూశారు, ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. నాకు మామ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ పీనుగ ముందు కోడలు నోరు లేపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి పోయాం. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముడితే, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు పోయి, చేతులు జోడించి, నువ్వు అనుకున్నది చేస్తాం అని మాట ఇస్తారు. ఏ మాట సరైనదైతే ఆ మాటకు కాకి వచ్చి ముడుతుందని నమ్మకం.

కాకులు లేక కాదు. ప్రహరీ గోడ మీద వరుసగా ఉన్నాయి. ఒక్కటి కూడా దిగలేదు. సంపత్ పోయి, నీ మనుమరాలిని మంచిగా చదివిస్తా అవ్వా అన్నాడు. సుజాత పోయి, బాపును నేను చూసుకుంటా అంది. చివరికి మామ భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, నీ గుర్తుగా ఇక్కడ గద్దె కట్టిస్తా అన్నాడు. దిగలేదు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఏ పేరు చెప్పాలో తెలుసు. ఒక్కరు కూడా చెప్పలేదు. వాన మొదలయింది. ఆఖరికి అన్నం తీసుకుపోయి వాగులో కలిపేశారు.

అప్పుడు నేను మనసులో అనుకున్నది కూడా చెప్తాను. పక్కనే కోళ్ల దుకాణాల చెత్త పారేస్తారు, కాకులకు కడుపు నిండి ఉంటుంది, అందుకే దిగలేదు అనుకున్నాను. నేను అట్లాంటి మనిషినే.

దినాలకు, అంటే పదకొండో రోజుకు, గల్లీలో టెంటు వేసి తెర కట్టి అత్త వీడియో వెయ్యాలన్నారు. ఇంట్లో ఎడిటర్ ఉండగా బయటివాళ్లకు ఎందుకు ఇస్తారు. ఊరందరి వీడియోలు చేసిన చేత్తో ఆమెది కూడా చెయ్యాల్సి వచ్చింది. ఫోటోలు ఏరుతుంటే కళ్లు కనపడేవి కావు. ఉన్నవన్నీ ఆ బిగుసుకుపోయిన ఫోటోలే. మామ వచ్చి నా వెనకాల నిలబడి కాసేపు చూశాడు.

"ఆమె నవ్వింది ఉండాలె. వాడు ఉండొద్దు" అన్నాడు.

ఏ ముక్కో ఆయనకూ తెలుసన్నమాట. చూడలేదనుకున్నాను గానీ, ఏదో ఒక రోజు వాకిట్లో నిలబడి చూసే ఉంటాడు.

సరే అని ఆ క్లిప్ తీసుకుని, అత్త మొఖం వైపు జూమ్ చేసి, లింగన్నను ఫ్రేము బయటికి నెట్టాను. మొఖం పోయింది, భుజం పోయింది. చెయ్యి మాత్రం పోలేదు. విస్తరి మీదికి చాచిన చెయ్యి, అందులో ఆ బొక్క. దాన్ని కూడా తీసేస్తే అత్త నవ్వు సగం తెగిపోతుంది. సంపత్‌ను అడిగితే, చెయ్యి ఎవరిదో ఎవరికి తెలుస్తుంది ఉండనీ అన్నాడు. తెలియకపోవడం ఏమిటి, ఆ చెయ్యి ఎవరిదో బెల్లంపల్లిలో మా చుట్టాలందరికీ తెలుసు.

దినాలకు ముందు రోజు పొద్దున ప్రాజెక్టు సేవ్ చేసి, ఎప్పటిలాగే టెర్మినల్‌లో కమాండు ఇచ్చి వంటింట్లోకి పోయాను. చుట్టాలు దిగుతున్నారు, పని చాలా ఉంది. బియ్యం కడుగుతూ ఉన్నదాన్ని ఉన్నట్టుండి ఆగిపోయాను. యాభై దాటింది అనే కేక కోసం చూస్తున్నానని అప్పుడు అర్థమయింది. అక్కడే కూలబడి ఏడ్చాను. మొఖం కడుక్కుని వచ్చి చూస్తే అంకె అరవై ఒకటి దగ్గర ఉంది. కదలడం లేదు.

అట్లా ఆగడం కొత్త కాదు. ఆపేసి మళ్లీ ఇచ్చాను. మళ్లీ అరవై ఒకటి. లాప్‌టాప్ ఆర్పి వెలిగించాను. అరవై ఒకటి. డిస్కు నిండిందేమో చూశాను, ఖాళీ బాగానే ఉంది. ప్రాజెక్టులో ఆ చోట ఏముందో చూస్తే, అత్త నవ్వే క్లిప్ మొదలవుతున్న చోటు.

అప్పటికీ నాకు భయమేమీ వెయ్యలేదు. క్లిప్ పాడైందనుకున్నాను. పాత ఫుటేజీలో ఇది మామూలే. ఆ క్లిప్‌ను ఫోన్‌లోకి తీసుకుని చూస్తే చుక్క కూడా తప్పు లేకుండా ఆడింది. దాన్ని వేరే రకం ఫైలుగా మార్చి పెట్టాను. ఆగింది. ఆ క్లిప్ ఒక్కదాన్నే రెండర్ చేస్తే నీళ్లు తాగినంత తేలికగా అయిపోయింది. మొత్తం వీడియోలో పెడితే ఆగింది. దాన్ని తీసుకుపోయి అన్నింటికన్నా ముందు పెట్టి చూశాను. అప్పుడు మొదట్లోనే ఆగింది. క్లిప్ తీసేశాను. ఆగకుండా నూరు దాకా పోయింది. మళ్లీ దాని చోట దాన్ని పెట్టాను, అరవై ఒకటి దగ్గర కూర్చుంది.

అప్పుడు ఒక అనుమానం వచ్చింది. మామ బయట టెంటువాళ్లతో ఉన్నాడు. జూమ్ తీసేసి, లింగన్న మొఖం కనపడేట్టు ఉన్నది ఉన్నట్టు పెట్టి ఇచ్చాను. ఆయన ఉంటే పోతుందేమో అనుకున్నాను. ఎందుకట్లా అనుకున్నానో ఇప్పుడు కూడా చెప్పలేను. ఒక ఎడిటర్ అనుకోవలసిన మాట కాదు అది. కానీ అది కూడా అక్కడే ఆగింది. అయితే తప్పు జూమ్‌ది కాదని తేలింది. మళ్లీ మామ చెప్పినట్టే జూమ్ పెట్టి, కమాండు ఇచ్చి, అరవై ఒకటి దగ్గర ఆగిన దాన్ని అట్లాగే వదిలేసి, సంపత్‌కు చెప్పాను. ఆ ముక్క లేకుండానే వేద్దాం, లేకపోతే రేపటికి వీడియోనే ఉండదు అని. సంపత్ పోయి మామకు చెప్పాడు.

మామ లోపలికి వచ్చాడు. ఆయన వెనకాలే సుజాత. మామ ఇటూ అటూ చూసి, గోడకు ఆనించి ఉన్న అత్త పీట లాక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆయన ఆ పీట మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఎంతలో ఆగింది అని అడిగాడు. చూపించాను. ఆ చోట ఏముంది అని అడిగాడు.

అత్త నవ్వే చోటు మామా అన్నాను.

ఆయన కాసేపు ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. మూడో రోజు విస్తరి ముందు కూడా ఆయన అట్లాగే పట్టుకున్నాడు. మామా, అది మెషీను, పొద్దటి నుంచీ ఇట్లాగే చేస్తోంది అని చెప్పాలనుకున్నాను. అంతలో సుజాత నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

మామ చిన్న గొంతుతో, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నట్టే మాట్లాడాడు. గద్దె మంచిగా కట్టిస్తానని చెప్పాను కదా అన్నాడు. అంకె కదలలేదు. తాగుడు మానేస్తా అన్నాడు. కదలలేదు. వంటింట్లో కుక్కర్ కూత వేసింది, మేము ముగ్గురమూ ఉలిక్కిపడ్డాం. ఎవరూ లేచి పోలేదు. మామ తల దించుకున్నాడు. లేచిపోతాడనుకున్నాను. ఆయన తత్వం తెలుసు కదా, లేచిపోవడమే ఆయనకు వచ్చింది.

"ఏమే" అన్నాడు. ఆయన అత్తను పిలిచే పిలుపు అదే. "లింగన్నను పిలుస్త. నేనే ఫోన్ జేస్త. చీర తెమ్మంట. ఇగ ముట్టు."

అంకె అరవై రెండు అయింది.

నా చేతులు సుజాత చేతుల్లో ఉన్నాయి. మామ చేతులు తువ్వాలలో ఉన్నాయి. కీబోర్డును ఎవరూ తాకలేదు. అప్పటిదాకా సద్దు లేకుండా ఉన్న లాప్‌టాప్ ఫ్యాను గిర్రున తిరగడం మొదలయింది. అరవై మూడు, అరవై నాలుగు అని అంకె ఎప్పటిలాగే ఎక్కుతూ పోయింది.

"ముట్టింది" అన్నాడు మామ. తువ్వాలతో మొఖం కప్పుకుని ఏడ్చాడు. అత్త పోయిన రోజు కూడా ఆయన అట్లా ఏడవలేదు.

అంకె నూరు చేరేలోపే వాకిట్లో నిలబడి ఇచ్చోడకు ఫోన్ చేశాడు. లింగన్నా, నేను బావను అన్నాడు. తర్వాత ఆయన మాట్లాడింది ఏమీ లేదు, విన్నాడు అంతే. తర్వాత మాకు తెలిసింది ఏమిటంటే, అక్క పోయిన సంగతి లింగన్నకు ఎవరి ద్వారానో ఆ రోజే తెలిసిందట. చీర కొనుక్కుని బస్సెక్కి బెల్లంపల్లి వచ్చాడట. బస్టాండులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని పొద్దు గూకేదాకా కూర్చుని, ఎవరైనా పిలుస్తారేమో అని ఫోన్ వైపు చూసుకుని, వెనక్కి పోయాడట. బస్టాండు నుంచి మా ఇల్లు నడిచి పోయేంత దూరమే.

ఇది విన్నప్పుడు సుజాత, బాపూ అని ఒక్కసారి పిలిచి, లోపలికి పోయింది.

సాయంత్రం మామ మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. వాని మొఖం పెట్టు బిడ్డా అన్నాడు. జూమ్ తీసేసి మళ్లీ రెండర్ చేశాను. మధ్యాహ్నం ఆగింది కూడా ఇదే ప్రాజెక్టు, ఇదే కమాండు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

మరునాడు లింగన్న వచ్చాడు. ముసలివాడైపోయాడు. కప్పడానికి మనిషి లేదు కాబట్టి చీర తీసుకుపోయి అత్త ఫోటో ముందు పెట్టాడు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. మామ ఆయనకు ఎదురుపోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు గానీ, ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూడలేకపోయారు. ఆ రోజు పిట్టకు పెట్టే విస్తరిలో నల్లిబొక్క లింగన్నే పెట్టాడు, చేత్తోనే. కాకి వెంటనే దిగిందని అందరూ చెప్పుకున్నారు. నేను చూడలేదు, తెర దగ్గర వైర్లు కలుపుతున్నాను. అయినా దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను. కాకి ఒక రోజు దిగుతుంది, ఒక రోజు దిగదు. నేను చెప్పేది ఆ అంకె గురించే.

తర్వాత ఊరికే ఉండలేదు. కరీంనగర్‌లో కంప్యూటర్లు నేర్పే ఒకాయన నాకు తెలుసు. లాప్‌టాప్ తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. మామ సంగతి చెప్పకుండా, ఆగింది, తనంతట తనే కదిలింది అని మాత్రమే చెప్పాను. ఆయన అంతా తిరగేసి, డిస్కులో ఏదో చదవలేక అక్కడ ఎదురుచూసి ఉంటుంది, చదవగలిగాక కదిలి ఉంటుంది అన్నాడు. అయి ఉండవచ్చు. డిస్కు పరీక్షిస్తే ఏ తప్పూ దొరకలేదు. ఒక్కోసారి అట్లా జరుగుతుందమ్మా అన్నాడు. ఈ మాట దయ్యాల కథలు చెప్పేవాళ్లు కూడా అంటారు. పొద్దటి నుంచీ ఎదురుచూసింది సరిగ్గా ఆ మాటకే ఎందుకు కదిలింది అని అడగబోయి, అడగలేదు.

ఇంటికొచ్చి ఆ పాత ప్రాజెక్టును, జూమ్ ఉన్నదాన్ని, మళ్లీ మళ్లీ రెండర్ చేసి చూశాను. ఒక్కసారి ఆగితే చాలు, కారణం పట్టుకుంటాను అనుకున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగాలని ఎంత కోరుకున్నానో, ఆగుతుందేమో అని అంత భయపడ్డాను. ఈ భయం నాకు ఇంతకు ముందు లేదు. ఇప్పుడు ఎవరి పెళ్లి వీడియో అయినా ఎక్కడైనా కాసేపు ఆగితే, లోపం ఏమిటని చూడకముందే, ఆ చోట ఎవరు ఉన్నారు, వాళ్లు బతికే ఉన్నారా అని చూస్తున్నాను. ఇది మంచి అలవాటు కాదు. పని సాగదు.

మామ నిజంగానే తాగుడు మానేశాడు. ఆ మాట ఎవరూ అడగలేదు, ఆయనే ఇచ్చుకున్నాడు. గద్దె కూడా కట్టించాడు.

ఏటా అత్త సంవత్సరీకం రోజు లింగన్న ఇచ్చోడ నుంచి పొద్దున బస్సుకు వస్తాడు. బువ్వలకు ముందు బావ, బామ్మర్ది ఇద్దరూ నా గదిలోకి వస్తారు. జర పలక తెరువు బిడ్డా అంటాడు మామ. వాళ్లకు వీడియో అక్కర్లేదు. ఆ నవ్వు చూపిస్తాను అన్నా వద్దంటారు. కమాండు ఇవ్వమంటారు, అంతే. లింగన్న మంచం మీద, మామ ఆ పీట మీద కూర్చుని, మాట్లాడకుండా అంకె వైపు చూస్తుంటారు. అరవై ఒకటి అరవై రెండు కాగానే ఇద్దరూ లేచి తినడానికి పోతారు. మిగిలింది నేను ఒక్కదాన్నే నూరు దాకా చూస్తాను.

నాకు కొత్త కంప్యూటర్ కొనిస్తానని సంపత్ చాలాసార్లు అన్నాడు. కొంటే పాతది తీసేయాలి. వద్దన్నాను. అది ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయంటే ఇప్పుడు కూడా నేను ఒప్పుకోను. కానీ ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నప్పుడు అంకె అరవై దాటిందంటే, నా చేతులు కీబోర్డు మీంచి వాటంతటవే ఒళ్లోకి వచ్చేస్తాయి. అంకె మారేదాకా వాటిని అక్కడి నుంచి తియ్యను.